ఆంత్రోపాలజీ చదవాలనుకుంటున్నారా? ఇలా మొదలుపెట్టండి

ఎమ్మే ఆంత్రోపాలజీలో చేరుతున్నానని చెప్పిన రోజు మా నాన్న ఒకటే అడిగారు: "ఏ డిపార్ట్‌మెంట్‌లో ఉద్యోగం వస్తుంది?" పక్కనే కాఫీ తాగుతున్న పెద్దమామయ్య ఇంకొకటి అడిగాడు: "ఇంకెందులోనూ సీటు రాలేదా?" తెలుగులో మానవశాస్త్రం అంటారని చెబితే, "సైకాలజీయా?" అన్నాడు. మనుషుల సమాజం, శరీరం, గతం, భాష కలిపి చదివే సబ్జెక్టు ఇది. కానీ అప్పుడు నా దగ్గర దేనికీ సరైన జవాబు లేదు.

మీ ఇంట్లోనూ ఇవే ప్రశ్నలు వస్తాయి కాబట్టి ఒక మాట ముందే చెప్పేస్తాను. ఈ డిగ్రీ పేరు చూసి ఉద్యోగం ఇచ్చేవాళ్లు తక్కువ. ఈ చదువులో మీరు నేర్చుకున్న పని చూసి ఇచ్చేవాళ్లు మాత్రం చాలా రకాల చోట్ల ఉన్నారు. అందుకే ఎక్కడ చేరాలన్నది కొంచెమే రాసి, చేరాక ఏం చేయాలన్నది ఎక్కువ రాస్తున్నాను.

1. ముందు ఇంట్లోనే ఒక పరీక్ష పెట్టుకోండి

ఒక తెల్లకాగితం, పెన్సిలు తీసుకోండి. మగవాళ్లకు త్రిభుజం, ఆడవాళ్లకు సున్నా, పెళ్లికి సమానం గుర్తు, పిల్లలకు కిందికి గీత. చనిపోయినవాళ్ల గుర్తు మీద ఏటవాలుగా ఒక గీత. తాతముత్తాతల దగ్గర మొదలుపెట్టి మీ దాకా గీయండి. తర్వాత ఒక్కో గుర్తు పక్కన మీరు వాళ్లను ఏమని పిలుస్తారో రాయండి.

రాస్తుంటే ఒక తమాషా బయటపడుతుంది. అమ్మ అన్నదమ్ములు మామలు. నాన్న అక్కచెల్లెళ్ల భర్తలూ మామలే. పెళ్లయ్యాక భార్య తండ్రి, లేదా భర్త తండ్రి, ఆయనా మామే. ఇంకోవైపు పెదనాన్న పిల్లలు, పిన్ని పిల్లలు అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ అవుతారు. మేనత్త పిల్లలు, మేనమామ పిల్లలు మాత్రం బావలు, మరదళ్లు, వదినలు, బావమరుదులు. ఇంగ్లిషులో అందరినీ కలిపి కజిన్స్ అనేస్తారు. మనకు ఈ తేడా ఎందుకొచ్చింది?

మేనరికాలు, కుండమార్పిడి పెళ్లిళ్లు తరాల పాటు సాగిన కుటుంబాన్ని ఊహించుకుని చార్టు మళ్లీ గీయండి. ఆ ముగ్గురు మామలూ ఒకే త్రిభుజంలోకి వచ్చేస్తారు. ఎవరిని పెళ్లి చేసుకోవచ్చో, ఎవరిని కూడదో పిలుపులోనే ఉందన్నమాట. అమెరికాలో లూయీ హెన్రీ మోర్గాన్ అనే లాయరు, న్యూయార్క్ వైపు ఉండే ఇరోక్వా ఆదివాసుల చుట్టరికపు పిలుపులు రాసుకుని, ఇలాంటివి ఇంకెక్కడైనా ఉన్నాయా అని దేశదేశాలకు ప్రశ్నావళులు పంపాడు. మన దగ్గరున్న మిషనరీల ద్వారా తమిళ, తెలుగు పిలుపులు ఆయనకు చేరాయి. చాలావరకు ఇరోక్వా పద్ధతిని పోలి ఉన్నాయని చూసి ఆశ్చర్యపోయాడు. 1871లో అచ్చయిన ఆయన గ్రంథం పట్టికల్లో మన పిలుపులు అలా చేరాయి. ఈ సబ్జెక్టులో చుట్టరికాల అధ్యయనం అక్కడే మొదలైందంటారు.

ఈ కాగితం నింపుతూ టైము చూసుకోవడం మర్చిపోయారనుకోండి, ఈ చదువు మీకు పడుతుంది. పావుగంటకే విసుగొస్తే వేరేది చూసుకోండి. అందులో చిన్నతనమేమీ లేదు, రెండేళ్లు మిగులుతాయి.

2. నాలుగు కొమ్మల్లో మీది ఏదో చూసుకోండి

ఆంత్రోపాలజీని నాలుగుగా చెబుతారు: సామాజిక–సాంస్కృతిక, భౌతిక (ఇప్పుడు బయలాజికల్ అంటున్నారు), పురావస్తు, భాషాపరమైనది. మొదటిది పైన మీరు గీసిన చార్టులాంటిది. అదే మేనరికాన్ని భౌతిక శాఖవాళ్లు జన్యువుల వైపు నుంచి చూస్తారు. ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుల నుంచి వచ్చే అవకాశాన్ని ఇన్‌బ్రీడింగ్ కోఎఫిషెంట్ అంటారు. మేనమామ–మేనకోడలు పెళ్లిలో పుట్టే బిడ్డకు అది 1/8, మేనబావ–మేనమరదలు పెళ్లిలో 1/16. ఈ లెక్క ఎలా వచ్చిందో చార్టు మీద చేయించే ప్రాక్టికల్ ఉంటుంది.

పురావస్తు శాఖకు మంచి ఉదాహరణ కర్నూలు వైపు జ్వాలాపురం. దాదాపు 74 వేల ఏళ్ల కిందట సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు ఎగిరిన బూడిద అక్కడ పొరగా దొరికింది. ఆ పొరకు కిందా రాతి పనిముట్లు, పైనా రాతి పనిముట్లు. అంత ఉత్పాతం తర్వాత కూడా ఇక్కడ మనుషులు బతికారా అన్న చర్చ 2007లో ఆ ఫలితాలు అచ్చయ్యాక బాగా పెరిగింది. ఇక భాషల సంగతి మన దేశంలో ఎక్కువగా లింగ్విస్టిక్స్ విభాగాలు చూసుకుంటాయి. భద్రిరాజు కృష్ణమూర్తి గారు కొండ అనే గిరిజన భాష మీద చేసిన పని అటువంటిదే.

రెండు కొమ్మలు పట్టుకోండి చాలు. నాలుగూ పట్టుకుంటే పరీక్ష పాసవుతారు కానీ చేతికి పని రాదు.

3. సీటు ఎక్కడ, ఎలా

డిగ్రీలో ఈ సబ్జెక్టు చెప్పే కాలేజీలు మన రెండు రాష్ట్రాల్లో అరుదు. అందుకే ఎక్కువమంది ఏదో ఒక డిగ్రీ చేసి పీజీలో ఇటు తిరుగుతారు. నేనూ అంతే, బీఎస్సీ నుంచి వచ్చాను. ఇంటర్ అవగానే చేరాలంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎమ్మే దారి ఉంది, దానికి సెంట్రల్ యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష సీయూఈటీ యూజీ రాయాలి. ఢిల్లీ యూనివర్సిటీలో బీఎస్సీ ఆనర్స్ ఉంది. ఇంటర్‌లో ఏ సబ్జెక్టులు ఉండాలంటున్నారో నోటిఫికేషన్‌లో ముందే చూడండి. దూరవిద్య కావాలంటే ఇగ్నోలో (ఇందిరాగాంధీ ఓపెన్ యూనివర్సిటీ) డిగ్రీ, పీజీ రెండూ దొరుకుతాయి.

పీజీకి విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ, హైదరాబాద్‌లో సెంట్రల్ యూనివర్సిటీ మనకు తెలిసిన మూడు చోట్లు. మొదటి రెండింటికి ఏపీ పీజీసెట్, మూడోదానికి సీయూఈటీ పీజీ. కొంచెం దూరం వెళ్లగలిగితే మద్రాసు, పుదుచ్చేరి, ధార్వాడ్, పుణె, ఇంకా కలకత్తా. మన దేశంలో మొదటి ఆంత్రోపాలజీ విభాగం 1920లో పెట్టింది కలకత్తా యూనివర్సిటీలోనే.

ఒక్క జాగ్రత్త. ఇదే చదువుకు కొన్నిచోట్ల ఎమ్మే పట్టా ఇస్తారు, కొన్నిచోట్ల ఎమ్మెస్సీ. ఫోరెన్సిక్, జెనెటిక్స్ వైపు వెళ్లే ఉద్దేశం ఉంటే ఎమ్మెస్సీకి మొగ్గండి. తర్వాత ఉద్యోగ నోటిఫికేషన్‌లో అర్హత గడి చూసి ఏడ్చిన సీనియర్లు నాకు తెలుసు.

4. ల్యాబును తేలిగ్గా తీసుకోకండి

మొదటి సెమిస్టర్‌లో ఎముకల పేర్లు, పుర్రె బొమ్మలు, రికార్డు. తర్వాత కొలతలు. స్ప్రెడింగ్ క్యాలిపర్ అని పొడవాటి వంపు చేతులున్న పరికరం ఇస్తారు. ఒక కొన కనుబొమల మధ్య ఉబ్బెత్తు మీద ఆనించి, రెండో కొనను తల వెనక జరుపుతూ అన్నిటికన్నా ఎక్కువ ఎక్కడ చూపిస్తుందో అది తల పొడవు. చెవులకు పైన రెండు పక్కలా అలాగే జరిపితే వెడల్పు. వెడల్పును పొడవుతో భాగించి నూరుతో గుణిస్తే సెఫాలిక్ ఇండెక్స్. మా బ్యాచ్‌లో ఒకడు తలకు ఆముదం పట్టించి వచ్చిన రోజున క్యాలిపర్ జారి జారి, నలుగురం నాలుగు అంకెలు రాశాం. మేడమ్ నలుగురికీ సున్నా వేసి, "మనిషిని కొలిచేటప్పుడు నీ చెయ్యి ఎంత తప్పు చేస్తుందో ముందు కొలుచుకో" అన్నారు. ఒకే తలను మూడుసార్లు కొలిచి తేడా రాయడం ఆ రోజు అలవాటైంది.

ఈ కొలతలకు చెడ్డ చరిత్ర ఉంది, అదీ తెలుసుకుని ఉండాలి. 1901 జనాభా లెక్కల నాటి కమిషనర్ హెర్బర్ట్ రిజ్లీ ముక్కు వెడల్పు, పొడుగుల నిష్పత్తితో కులాలకు ఎక్కువతక్కువలు కట్టాలని చూశాడు. సైన్సుగా అది నిలబడలేదు. కొలిచే నేర్పు మాత్రం ఇప్పుడు వేరే పనులకు పనికొస్తోంది. ఆర్నెల్ల నుంచి ఐదేళ్ల లోపు బిడ్డ దండచెయ్యి చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువుంటే తీవ్ర పోషకాహార లోపం కింద లెక్క. టేపు కాస్త బిగించినా వదులుగా పట్టినా ఆ బిడ్డ లెక్క మారిపోతుంది. పోషకాహార సర్వేల్లో చేయి తిరిగిన మనిషి కావాలనేది ఇందుకే.

5. ఫీల్డ్‌వర్క్: మిగతావన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు

ఈ ఒక్క పని మీరు ఎలా చేశారన్నదాని మీదే తర్వాతి పదేళ్లు ఆధారపడతాయి. డిపార్ట్‌మెంట్‌వాళ్లు బస్సు వేసి అందరినీ ఒక ఊరికి తీసుకెళ్లి, ప్రశ్నావళి నింపించి, వెనక్కి తెచ్చేదాన్ని ఫీల్డ్‌వర్క్ అనుకుని ఊరుకోకండి. డిసర్టేషన్‌కు, అంటే మీరు రాయాల్సిన పరిశోధన వ్యాసానికి, మీ చోటు మీరే ఎంచుకోండి, వీలైనన్ని ఎక్కువ రోజులు ఉండండి.

చోటు ఎంపికలో మొదటి పొరపాటు అడవులే కావాలనుకోవడం. గిరిజనుల గురించే చదువుతారన్న అపోహ బయటివాళ్లకే కాదు, మనకూ ఉంటుంది. శ్యామాచరణ్ దూబే అనే ఆంత్రోపాలజిస్టు హైదరాబాద్ పక్కనున్న శామీర్‌పేట మీద చేసిన పరిశీలన 1955లో పుస్తకంగా వచ్చి పేరు తెచ్చుకుంది. అది మామూలు ఊరే. చేపల రేవు, మిర్చి యార్డు, బీడీలు చుట్టే వీధి, కోచింగ్ హాస్టల్, ఏదైనా పనికొస్తుంది. మీకు భాష వచ్చినచోట మొదటిసారి చేయడం మంచిది.

ఏజెన్సీకే వెళ్లాలనుకుంటే అనుమతుల పని నెల ముందు మొదలుపెట్టండి. డిపార్ట్‌మెంట్ లెటర్ తీసుకుని ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) ప్రాజెక్ట్ ఆఫీసరును కలవాలి. నల్లమలలో చెంచుల పెంటలకు, అంటే వాళ్ల గూడేలకు, వెళ్లాలంటే అది పులుల అభయారణ్యం కాబట్టి అటవీశాఖ అనుమతి కూడా కావాలి. ఊళ్లో సర్పంచితో పాటు కులపెద్దనో, నాయుడినో, పటేల్‌నో, అక్కడ ఎవరి మాట చెల్లుతుందో వాళ్లను కలవండి. కాగితం మీద అనుమతి ఇచ్చేవాళ్లు వేరు, గుమ్మంలోకి రానిచ్చేవాళ్లు వేరు.

నా మొదటి రోజు సంగతి చెప్తాను. విశాఖ మన్యంలో ఒక ఊరు. చేతిలో ప్యాడ్, అందులో నలభై ప్రశ్నలు. మొదటి ఇంట్లో కూర్చోగానే, "మీకు ఎంత భూమి ఉందండి?" అని మొదలుపెట్టాను. ఇంటాయన ఎకరం అన్నాడు. పక్కింట్లో ఎకరం. ఆ పక్కింట్లోనూ ఎకరమే. సాయంత్రానికి ఊరంతా ఎకరం రైతులే తేలారు. నన్ను రెవెన్యూవాళ్ల మనిషినో, పోడు భూములు కొలవడానికి వచ్చిన అటవీశాఖ మనిషినో అనుకున్నారని మూడో రోజుకు గానీ తెలియలేదు. ఆ రాత్రి అరుగు మీద ఒక ముసలమ్మ చింతగింజలు తీస్తూ, "మరి నీకెంతుందయ్యా?" అని అడిగింది. మా నాన్నకు రెండెకరాల మాగాణి ఉండేదని, అక్క పెళ్లికి ఒకటి అమ్మేశామని చెప్పాను. "కట్నానికా?" అంది. అక్కడినుంచి గంటసేపు ఆమే అడిగింది, నేనే చెప్పాను. పొద్దున్నే ఆమె కొడుకు నన్ను కొండ మీదికి తీసుకెళ్లి తన పోడు చూపించాడు. అది ఎకరం కాదు.

అందుకని మొదటి రెండు మూడు రోజులు ప్యాడ్ సంచిలోనే ఉంచండి. చింతపండు గింజ తీయడమో, నీళ్లు మోయడమో, చేతికి దొరికిన పని చేయండి. వారపు సంతలో పొద్దుటినుంచి ఒకేచోట కూర్చోండి. ఎవరు ఏం తెచ్చారు, రాగులు ఏ కొలతతో ఇచ్చారు, కొండచీపుర్లు కట్ట ఎంతకు అడిగారు, తేనె గిరిజన సహకార సంస్థకు ఇచ్చారా, షావుకారుకు ఇచ్చారా, పాత బాకీ ఎవరు ఎవరికి ఉన్నారు, ఇవన్నీ అడగకుండానే కనబడతాయి. ప్రశ్నావళి తర్వాత తీస్తే, అందులో సగం ప్రశ్నలు పనికిరావని మీరే కొట్టేస్తారు.

నోట్సు విషయంలో మాత్రం రాజీ పడకండి. జేబులో చిన్న పుస్తకం పెట్టుకుని ముక్కలు ముక్కలుగా రాసుకోండి. అదే రాత్రి, ఎంత నిద్రొచ్చినా, తేదీ వేసి పూర్తిగా రాయండి. రేపు రాద్దామనుకున్నది రేపటికి సగం పోతుంది. మనుషులు అన్నది అన్నట్టు ఒక రంగులో, మీరు అనుకున్నది ఇంకో రంగులో. వారానికోసారి పేజీలు ఫోటో తీసి వేరేచోట దాచండి. ఎమ్మెన్ శ్రీనివాస్ అనే పేరున్న ఆంత్రోపాలజిస్టు మైసూరు దగ్గరి ఒక ఊరి మీద తయారుచేసుకున్న నోట్సు 1970లో అమెరికాలో ఆయన పనిచేస్తున్న చోట ఎవరో నిప్పు పెట్టడంతో కాలిపోయింది. జ్ఞాపకం మీద పుస్తకం రాశారు, గొప్పగానే వచ్చింది. మనకంత జ్ఞాపకశక్తి లేదు, ఫోటో తీసుకోవడం మేలు.

పేర్లు మార్చి రాయండి. ఫోటోకు, రికార్డింగుకు ముందే అడగండి. వద్దంటే వద్దు. మీరు రాసినదాని వల్ల పోడు, సారా, అప్పులు లాంటి విషయాల్లో ఎవరికైనా చిక్కు వస్తుందనుకుంటే ఆ వివరం తీసేయండి, మార్కులు తగ్గినా సరే.

ఈ పనికి పెద్ద ఆనవాలు చూడాలంటే ఒకసారి ఆసిఫాబాద్ జిల్లా మార్లవాయి వెళ్లి రండి. 1940లో కుమ్రం భీమ్‌ను చంపాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోమని నిజాం ప్రభుత్వం హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా ఆంత్రోపాలజిస్టును పంపింది. ఆయన, భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నారు, గోండి నేర్చుకున్నారు. గోండి పిల్లలకు వాళ్ల భాషలో పాఠాలు, టీచర్ల శిక్షణ అక్కడే మొదలయ్యాయి. దంపతులిద్దరి సమాధులూ ఇప్పుడు ఆ ఊళ్లోనే ఉన్నాయి. సర్కారు పంపిన మనిషి ఎవరి పక్షాన మాట్లాడినట్టు అన్న వాదన కూడా ఉంది. క్లాసులో అది తప్పకుండా వస్తుంది, రెండు వైపులా చదువుకుని వెళ్లండి.

6. పక్కన ఇంకో పనిముట్టు పెట్టుకోండి

ఫీల్డ్‌వర్క్ ఒక చెయ్యి, రెండో చెయ్యి కావాలి. స్టాటిస్టిక్స్, మ్యాపులు గీసే క్యూజీఐఎస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్, పబ్లిక్ హెల్త్, జెనెటిక్స్ ల్యాబ్ పని, లేదా గోండి, కువి, సవర లాంటి ఒక భాష. ఏదో ఒకటి గట్టిగా. రిపోర్టు ఇంగ్లిషులో తిన్నగా రాయగలగడం కూడా ఒక పనిముట్టే. ఇంటర్వ్యూల్లో నాకు ఎక్కువసార్లు పనికొచ్చింది ఎక్సెల్, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా.

7. ఎక్కడికి చేరొచ్చు

సివిల్స్ గురించి ముందు మాట్లాడేద్దాం, ఎలాగూ అదే అడుగుతారు. మెయిన్స్‌లో మనం ఎంచుకునే ఆప్షనల్ సబ్జెక్టుకు 250 చొప్పున రెండు పేపర్లు, మొత్తం 500 మార్కులు. ఆంత్రోపాలజీ సిలబస్ చిన్నది, బొమ్మలు గీయొచ్చు, గిరిజన సమస్యల భాగం జనరల్ స్టడీస్‌కూ పనికొస్తుంది. 2017 సివిల్స్‌లో మొదటి ర్యాంకు వచ్చిన మెట్‌పల్లి కుర్రాడు అనుదీప్ దురిశెట్టి, 2023లో మూడో ర్యాంకు తెచ్చుకున్న పాలమూరు అమ్మాయి దోనూరు అనన్యరెడ్డి ఇద్దరి ఆప్షనల్ ఇదే. అయితే ఇద్దరిలో ఒకరు చదివింది ఇంజనీరింగ్, ఇంకొకరు జాగ్రఫీ. అంటే ఆప్షనల్ కోసం ఎమ్మే అక్కర్లేదు. సివిల్స్ ఒక్కటే లక్ష్యమైతే రెండేళ్లు హాస్టల్ ఫీజు కట్టకండి, పుస్తకాలు కొనుక్కోండి.

చదువు చెప్పే దారిలో నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష రాయాలి. అందులో జేఆర్‌ఎఫ్ అనే రిసెర్చ్ ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు. కానీ యూనివర్సిటీల్లో పర్మనెంట్ పోస్టులు తక్కువ, స్కూలు సబ్జెక్టుల్లో ఆంత్రోపాలజీ లేదు కాబట్టి బీఈడీ దారి కలిసిరాదు. 1945లో మొదలైన ఆంత్రోపలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు హెడ్డాఫీసు కలకత్తాలో, దక్షిణాది కేంద్రం మైసూరులో ఉన్నాయి. పోస్టులు ఎప్పుడో ఒకసారి పడతాయి, నోటిఫికేషన్లు చూస్తూ ఉండాలి.

ఎక్కువమందికి అన్నం పెడుతున్నది ప్రాజెక్టు పని. రెండు రాష్ట్రాల గిరిజన పరిశోధన సంస్థలు, ఐటీడీఏలు, రాజేంద్రనగర్‌లోని ఎన్‌ఐఆర్‌డీ (జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ), తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, స్వచ్ఛంద సంస్థలు. 2013 భూసేకరణ చట్టం సామాజిక ప్రభావ అంచనా చేయాలంటుంది, అందులో ఊళ్లు తిరిగి మాట్లాడగలిగేవాళ్లు కావాలి. 2023 జులై 1న మొదలైన సికిల్‌సెల్ రక్తహీనత నిర్మూలన మిషన్ నడిచేది గిరిజన ప్రాంతాల్లోనే. రక్తం తీస్తామంటే ఊరు ఎందుకు ఒప్పుకోదో, పాజిటివ్ అని కార్డు ఇస్తే పెళ్లి సంబంధం ఏమవుతుందో తెలిసిన మనిషి అక్కడ ల్యాబ్ టెక్నీషియన్‌తో సమానంగా అవసరం. ఈ ఉద్యోగాలు చాలావరకు కాంట్రాక్టువి, పదకొండు నెలలవి. జీతం ఆలస్యం కావడం నాకూ అనుభవమే. నాలుగు నెలల ఖర్చు చేతిలో ఉంచుకుని చేరండి.

జెనెటిక్స్ వైపు వెళ్తే హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ లాంటి చోట్ల జనసమూహాల మీద పని జరుగుతుంది. వైశ్యుల్లో కొందరికి ఆపరేషన్ ముందు ఇచ్చే ఒక కండరాల సడలింపు మందు శరీరంలో తొందరగా విచ్ఛిన్నం కాదు. దాని వెనకున్న ఎంజైమ్ లోపం వాళ్లలో మిగతావాళ్లలో కన్నా ఎక్కువ. ఎన్నో తరాలుగా లోపలే పెళ్లిళ్లు చేసుకోవడంతో ఇలాంటివి నిలిచిపోతాయని 2017లో అచ్చయిన పరిశోధన చూపించింది. మళ్లీ చూడండి, మీ మొదటి రోజు చార్టే.

కంపెనీల్లో దీని పేరు మారిపోతుంది: యూజర్ రిసెర్చ్, కన్స్యూమర్ ఇన్‌సైట్స్. జెనెవీవ్ బెల్ అనే ఆస్ట్రేలియా ఆంత్రోపాలజిస్టు 1998లో ఇంటెల్‌లో చేరి, మనుషులు ఇళ్లలో కంప్యూటర్లతో ఏం చేస్తున్నారో చూడటమే ఉద్యోగంగా చేసింది. ఇంట్లో ఒక్క ఫోను ఉంటే అది పగలు ఎవరి చేతిలో, రాత్రి ఎవరి చేతిలో, పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు అన్నది యాప్ తయారుచేసేవాళ్లకు కావాలి. ఉద్యోగాల సైట్లలో ఆంత్రోపాలజీ అని వెతికితే నాలుగే కనబడతాయి, ఈ పేర్లతో వెతకండి. డిసర్టేషన్‌ను రెండు పేజీలకు కుదించి, ఏం అడిగారు, ఎలా తెలుసుకున్నారు, ఏం తేలింది అని రాసి అప్లికేషన్‌కు జత చేయండి.

అమెరికా ఆలోచన ఉంటే, పీహెచ్‌డీకి ఫీజు మాఫీ, స్టయిపెండ్ ఇచ్చే యూనివర్సిటీలు చాలా ఉన్నాయి. మాస్టర్స్ ఎక్కువగా సొంత డబ్బే. అప్పు చేసి వెళ్లేవాళ్లు కోర్సుకు ఉన్న సీఐపీ కోడ్ (అక్కడ కోర్సులకు ఇచ్చే వర్గీకరణ నంబరు) ఏమిటో ముందే అడగండి. చదువయ్యాక అక్కడ పనిచేయనిచ్చే ఓపీటీ అనుమతి మీద అదనంగా 24 నెలలు దొరుకుతుందా లేదా అన్నది ఆ కోడ్ బట్టే.

8. ఇంట్లో చెప్పడం

లెక్చర్ ఇవ్వకండి. మొదటి అడుగులో గీసిన చార్టు పట్టుకెళ్లి హాల్లో నేల మీద పరచండి. నేను చేసిందదే, కాకపోతే ప్లాన్ వేసుకుని కాదు, అసైన్‌మెంటుకు ముత్తాతల పేర్లు కావలసి వచ్చి. ఇంకెందులోనూ సీటు రాలేదా అన్న పెద్దమామయ్య కళ్లజోడు పెట్టుకుని వంగి చూశాడు. "మా తాతకు ఇద్దరు పెళ్లాలు, నువ్వు ఒక్కళ్లనే గీశావు" అన్నాడు. లోపల్నుంచి అమ్మ, "ముగ్గురు" అంది. ఆ రాత్రి భోజనాలు పదకొండింటికి.